ఇస్నాపూర్ బాత్రూములతో జాగ్రత్త

ప్రపంచంలో అత్యంత సురక్షితమైన చోటు ఏదని అడిగితే తడుముకోకుండా చెబుతాను. పటాన్‌చెరు కెమికల్ ఫ్యాక్టరీ!

అత్యంత ప్రమాదకరమైనది? అక్కడి కార్మికులుండే ఇస్నాపూర్‌లో కిరాయి గది బాత్రూము.

నవ్వకండి. ఏ ఆసుపత్రిలోనైనా విచారించండి. వేలు తెగిన కార్మికుడు ఇంట్లో కొబ్బరికాయ కొడుతుంటే తెగిందంటాడు. కాలు విరిగినవాడు బాత్రూములో జారాడు. పొగకు కళ్లు తిరిగి పడినవాడు పొద్దున టిఫిన్ మానేశాడు. ఫ్యాక్టరీలో దెబ్బ తగిలినవాడు ఒక్కడైనా దొరికాడా? నన్నడిగితే కార్మికులను అసలు ఇళ్లకు పంపకూడదు. రియాక్టర్ పక్కనే చాప వేసి పడుకోబెడితే ఒక్కరికీ గీత కూడా పడదు!

మొన్న మా పక్క గది కిష్టప్ప సంగతే చూడండి. డ్యూటీలో ఉండగా పైపు జాయింటు ఊడి ముఖం మీద ఏదో చిమ్మింది. అంబులెన్సు చప్పుడు చేస్తుందని కంపెనీ కారు ఏర్పాటు చేసింది. దారిలో ఆపి అతని భార్య సంగమ్మను, తోడుగా నన్ను ఎక్కించుకుంది. కారులోనే ఉన్న సేఫ్టీ ఆఫీసరు శ్రీకాంత్ స్వయంగా ఆమెకు ధైర్యం చెప్పాడు.

"ఇంట్ల సాంబార్ మీద పడ్డదని చెప్పమ్మా. కంపెనీల అయ్యిందంటే కేసయితది. మీకే పరేషాన్."

"ఇంట్ల గ్యాసయిపోయి వారమాయె సారూ. సాంబార్ ఏడికెల్లి వచ్చె?"

"గట్లయితే గీజర్ నీళ్లని చెప్పు."

"నల్లా నీళ్లకే దిక్కు లేదు. ఇగ గీజరట."

ఆసుపత్రిలో డాక్టరమ్మ కిష్టప్ప కళ్లు కడుగుతూ అడిగింది. "ఏం పడిందో సరిగ్గా చెప్పండి. దాన్నిబట్టే వైద్యం. తప్పు చెబితే చూపు పోతుంది."

"వేడి నీళ్లు మేడమ్," అన్నాడు శ్రీకాంత్.

సంగమ్మ, ఆసుపత్రిలో ఊడదీసి ఇచ్చిన మొగుడి తడి అంగీ ఉన్న ప్లాస్టిక్ కవరు ముడి విప్పి, శ్రీకాంత్ ఒడిలోకి వంచబోయింది.

"ఉత్త నీళ్లే గద సారూ. జెర పట్టుకోన్రి."

శ్రీకాంత్ కుర్చీతో సహా గోడకు అతుక్కుపోయాడు. "దూరం పెట్టమ్మా. అది కాస్టిక్ సోడా."

డాక్టరమ్మకు కావలసిన మాట దొరికింది. కిష్టప్పకు కుడి కన్ను దక్కింది.

ప్రమాదకరమైన రసాయనానికి దూరంగా జరగాలి. దాని పేరు చెప్పి పక్కవాళ్లను హెచ్చరించాలి. ఈ రెండు సేఫ్టీ రూల్సూ ఒక మనిషి తు.చ. తప్పకుండా పాటించగా చూడటం నాకదే మొదటిసారి. అదీ ఫ్యాక్టరీలో కాదు, ఆసుపత్రిలో!