రాకెట్టుకు ఎదురెవరు వచ్చారు?

అమెరికా వారు 1957 డిసెంబరు ఆరో తేదీన వదిలిన రాకెట్టు నాలుగడుగులు లేచి, ఉన్నచోటనే కూలబడి కాలిపోయింది. ఎందుకిలా జరిగిందో ఆ దేశపు శాస్త్రజ్ఞులు తలలు పట్టుకుని వెతుకుతున్నారని పేపరు రాసింది. ఉదయగిరిలో మాత్రం ఆ పేపరు బస్సు దిగిన పూటే కారణం తేలిపోయింది.

విచారణ రంగనాథం శెట్టిగారి కొట్టు అరుగు మీద జరిగింది. పంచాయతీ ప్రెసిడెంటు పెంచలనరసింహంగారు అధ్యక్షత వహించారు. రష్యావారు అక్టోబరులో స్పుత్నిక్‌ను ఎవరికీ చెప్పకుండా ఎగరేశారు. చెప్పలేదు గనుక ఎవరూ చూడ్డానికి రాలేదు, రాలేదు గనుక అది చక్కగా పైకి పోయింది. అమెరికావారు ముందుగానే పేపర్లలో వేయించి ఊరంతటినీ పిలిచారు. అంత జనంలో ఒక్క విధవ అయినా లేకుండా ఎలా ఉంటుంది? ఎదురొచ్చింది, రాకెట్టు పడింది.

నిదర్శనం లేకుండా సభ ఏదీ ఒప్పుకోలేదు. పోయిన వేసవిలో శెట్టిగారు కలిగిరికి బయలుదేరినప్పుడు మొగుడు పోయిన శీనమ్మ ఎదురొచ్చింది, బండి ఇరుసు విరిగింది. ఆ ఇరుసు తొమ్మిదేళ్లుగా చీలి ఉందన్న సంగతి కూడా బయటపడింది గానీ, ఇన్నేళ్లూ అది శీనమ్మ కోసమే ఆగి ఉందని సభ నిర్ణయించింది.

నవంబరులో రష్యావారు పైకి పంపిన కుక్క తిరిగి రాలేదు కదా అని ఎవరో అడిగారు. అది ఆడకుక్క. ఆడదాన్ని పంపేటప్పుడు వెనక్కి తెచ్చే ఏర్పాటు ఎవరు మాత్రం చేస్తారని అధ్యక్షులు అనడంతో ఆ ప్రశ్న అక్కడికి ముగిసింది.

తర్వాత వారు ఇలా ప్రసంగించారు. "ఇది ఒక్క అమెరికా సమస్య కాదు. ప్రపంచ క్షేమం మన ఊరి చేతుల్లో ఉండాది. ఇంకో రాకెట్టు ఎప్పుడు లేస్తాదో మనకు తెలీదు. కాబట్టి మన ఊరి వితంతువులు పదకొండుమందీ ఇక ఎప్పుడూ వీధిలోకి రాకుండా ఉండటమే దేశసేవ."

మనకు పగలయితే వాళ్లకు రాత్రి గదా అని బడిపంతులు బాలసుబ్రహ్మణ్యంగారు గుర్తు చేశారు. అందుకని రాత్రి కూడా రాకూడదని చేర్చి, తీర్మానాన్ని కొట్టు స్తంభానికి అంటించారు.

ఆ పదకొండుమందిలో చెంచమ్మ ఒకతె. మరిది ఇంట్లో పన్నెండుమందికి వండి పెట్టి తాను ఒంటిపూట తినేది. రెండేళ్ల కిందట వయోజనుల బడిలో అక్షరాలు నేర్చుకున్నది. బాలవాడి పంతులమ్మ ఉద్యోగానికి సోమవారం పదకొండు గంటలకు ఆత్మకూరు బ్లాకు ఆఫీసుకు రమ్మని ఆమెకు కాగితం వచ్చింది. రాకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుందని కూడా అందులో ఉంది. దాన్ని ఆమే చదువుకున్నది. ఇంకొకరు చదివిపెట్టి ఉంటే ఏం రాసుందో వేరే రకంగా తెలిసేది.

తీర్మానం అంటించింది ఆదివారం. ఆ సాయంత్రమే చెంచమ్మ ప్రెసిడెంటుగారి వాకిట్లో నిలబడింది.

"అన్నా, స్తంభానికి అంటించింది చదివినాను."

"చదివినావా? అయితే మళ్లీ ఎందుకొచ్చినావు?"

"రేపు నేను ఆత్మకూరు బస్సెక్కాల."

"నీకు ఆత్మకూరులో ఏంది పని? ఇంట్లో కూడు లేదా?"

"వండేది నేనే గదన్నా, ఎంత ఉండాదో నాకు తెలీదా. ఉద్యోగానికి పిలిచినారు. మీరు పోనీకపోతే ఇంట్లో మాత్రం కూర్చోను. దినామూ పొద్దున్నే ఇదే వాకిట్లో కూర్చుంటాను. బుధవారమేగా మీరు ఎలక్షనుకు నామినేషను వేసేది?"

ఏడు సముద్రాల అవతల డెబ్బై అడుగుల ఇనుమును పడగొట్టగల శక్తి, తన నామినేషను కాగితాన్ని ఏం చేస్తుందో ప్రెసిడెంటుగారు ఆలోచించుకున్నారు.

ఆ రాత్రే సభ మళ్లీ కూడింది. ప్రమాదాన్ని ఊరికి వీలైనంత దూరంగా పంపడం మేలని తీర్మానాన్ని సవరించారు. చెంచమ్మ ఎవరికీ ఎదురు రాకుండా అందరికంటే ముందు ఎక్కాలని, డ్రైవరు వెనక సీటు ఆమెకే ఉంచాలని రాశారు. "మా అమ్మకూ మొగుడు లేడు. దినామూ ఆమె ముఖం చూసే బస్సు తీస్తాను, పోతానే ఉండాది" అన్నాడు డ్రైవరు యేసురత్నం. ఆ మాట విచారణకు సంబంధించింది కాదు గనుక రాసుకోలేదు.

బస్సు వేళకు చేరింది. ఉద్యోగం వచ్చింది, అదీ ఉదయగిరిలోనే. బాలవాడిలో పిల్లలకు పాలు పోస్తారని తెలిశాక, పాలగిన్నె చేతిలో ఉన్నంతసేపు విధవ లెక్కలోకి రాదని పెద్దలు ఇంకో సవరణ చేశారు.

జనవరి ఆఖరున అమెరికావారు పంపిన రాకెట్టు ఈసారి నిక్షేపంగా పైకి పోయింది. ఆ ఘనత మనదేనని కొట్టు అరుగు మీద చక్కెర పంచుకున్నారు. లోపల కూర్చున్న మిగతా పదిమందికీ చక్కెర వెళ్లలేదు, సవరణ సంగతీ వెళ్లలేదు. వాళ్లకు చదువు రాదు, చదివి చెప్పేవాళ్లకు తీరిక లేదు.

ఉదయగిరివాళ్ల తెలివికి నవ్వుకుంటున్న మీరు, నవ్వడం అయ్యాక ఒకసారి వంటింట్లోకి వెళ్లండి. ఆ పదిమందిలో ఒకామె మీ పొయ్యి దగ్గరే ఉంది. ఇది ఆమెకు చదివి వినిపించండి.