మీటరు మీది బొట్టు

కరెంటుతో నడిచే గాలి కంప్రెసర్‌ను ఎంత భద్రంగా నడపవచ్చో తెలుసుకోగోరే వారు మిర్యాలగూడ దగ్గరున్న కృష్ణమూర్తి గారి బియ్యం మిల్లును ఒకసారి దర్శించవలసిందిగా మనవి. చెప్పులు బయట విడవాలి.

ఆ మిల్లులో బియ్యం నుంచి నల్ల గింజలను ఏరే యంత్రం ఉంది. నల్ల గింజ కనబడగానే గాలి ఊది పక్కకు తోస్తుంది. ఆ గాలిని ఇచ్చేది కంప్రెసర్. ట్యాంకులో గాలి నిండగానే మోటారు దానంతట అదే ఆగాలి. ఆ ఏర్పాటు చెడిపోయి చాలాకాలమైంది. బాగు చేయించడం దండగని ఈదయ్య అనే మనిషిని పెట్టుకున్నారు. గాలి ఒత్తిడిని చూపే మీటరులో ముల్లు ఎర్ర గీత దగ్గరికి వస్తే ఈదయ్య స్విచ్ ఆపాలి, దిగితే మళ్లీ వేయాలి. యంత్రం కంటే మనిషి చవక అన్న సూత్రం ఇక్కడ చక్కగా పనిచేసింది.

దసరా వచ్చింది. యజమాని భార్య అహల్య గారు ఆయుధపూజ ఘనంగా జరిపించారు. ట్యాంకుకు పసుపు పూశారు. మోటారుకు బంతిపూల దండ వేశారు. దండకు అడ్డమని బెల్టు మీది జాలీ విప్పించారు. యంత్రానికి ముఖం ఎక్కడుందని వెతికితే గుండ్రంగా, అద్దంతో మెరుస్తూ మీటరు కనిపించింది. దాని నిండా బొట్టు పెట్టారు. నూనెలో కలిపిన కుంకుమ ఎండి పెంకు కట్టింది. ముల్లు అంతఃపురంలోకి వెళ్లిపోయింది.

శాస్త్రానికి స్విచ్ వేశారు. హారతి వేళకు గాలి ఎక్కువై సేఫ్టీ వాల్వు బుస్సుమంది. హారతి ఆరిపోయింది. ఎక్కువైన గాలిని వదలడమే వాల్వు పని. అయినా శుభమా అని పూజ జరుగుతుంటే ఆ కూతేమిటని కృష్ణమూర్తి గారు దాన్ని పీకించి ఇనుప బిరడా బిగించారు. అప్పటి నుంచి మిల్లు ప్రశాంతంగా ఉంది.

మర్నాడు ఈదయ్య అహల్య గారి ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ముల్లు కనవడతలేదు. జర బొట్టు తుడుస్త."

"పండుగ బొట్టు తుడుస్తవారా? మిషన్ను ముండమోపిని చేస్తవా ఏంది?"

"మరి యాడ ఆపాల్నో ఎట్ల తెలుస్తదమ్మా?"

"ఇన్నేండ్ల సంది జేస్తున్నవ్, సప్పుడును బట్టి తెల్వదా?"

ఎవరూ చూడకుండా గుడ్డతో తుడిచేద్దామని ఈదయ్య అనుకున్నాడు. ఆ మాట ఇంట్లో అన్నాడు. భార్య ప్రమీల గుండె మీద చెయ్యి వేసుకుంది. "వద్దయ్యా, నీకు దండం బెడ్త. బొట్టు తుడిసిన పాపం మనకెందుకు? నా పసుపుకుంకుమలకు మంచిది గాదు."

ఈదయ్య భార్య మాట విన్నాడు. ట్యాంకు మీద అరచేయి ఆనించి, అదురును బట్టి స్విచ్ ఆపసాగాడు. అహల్య గారు ప్రతి శుక్రవారం పాత బొట్టు మీద కొత్త బొట్టు పెట్టసాగారు.

భద్రతా వారోత్సవాలు వచ్చాయి. సూర్యాపేట నుంచి శ్రీకాంత్ అనే నిపుణుడు నియమాల పటంతో వేంచేశాడు. పటం ఇంగ్లీషులో ఉంది. గోడకు తగిలించి దానికీ దండ వేశారు. శాలువా భుజాన పడగానే నిపుణుడు ఉపన్యసించాడు.

"సోదర సోదరీమణులారా! కంప్రెసర్ అనగా కట్టివేసిన తుఫాను! మొదటి నియమం, స్విచ్ వేయునప్పుడు సంబంధం లేని వారెవ్వరూ యంత్రం ఎదుట నిలువరాదు. రెండవ నియమం, మీటరు మీద నుంచి దృష్టి మరల్చరాదు!"

అందరూ మీటరు వైపు చూశారు. బొట్టు కళకళలాడుతోంది. నిపుణుడు చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాడు.

"సారూ, గా ముల్లు..." అని ఈదయ్య చెయ్యెత్తాడు.

"సందేహాలు భోజనాల తర్వాత."

భోజనాల తర్వాత నిపుణుడు కోదాడలో ఇంకో మిల్లుకు భద్రత నేర్పడానికి వెళ్లిపోయాడు. పోయే ముందు, మొదటి నియమానికి గుర్తుగా, అందరూ నడుస్తున్న యంత్రం ఎదుట నిలబడి ఫొటో దిగారు.

తర్వాతి శుక్రవారం అహల్య గారు బొట్టు పెట్టి ఇంటికి వెళ్లారు. ఆ రోజు ఈదయ్య అరచేయి అంచనా తప్పింది. ట్యాంకు పగిలింది. మిల్లు రేకులు లేచిపోయాయి. ఈదయ్య అక్కడే ప్రాణం విడిచాడు. మీటరు దూరంగా వడ్ల కుప్పలో దొరికింది. బొట్టు చెదరలేదు.

సంతాప సభలో కృష్ణమూర్తి గారు కళ్లు తుడుచుకున్నారు. "ఈదయ్య మా ఇంటి మనిషి. జాగ్రత్త ఒక్కటే తక్కువ" అన్నారు.

దినాల నాడు ప్రమీల నుదుటి బొట్టు తుడిచారు. పాపమని ఎవరూ అడ్డుపడలేదు. పెంకు కట్టలేదు గనుక ఒక్క తుడుపుకే పోయింది.

కొత్త కంప్రెసర్ వచ్చింది. ముత్తైదువలు దాని మీటరుకు నిండుగా బొట్టు పెట్టారు. ఊళ్లో పెద్దవాడినని కొబ్బరికాయ నా చేత కొట్టించారు. నా భార్య పోయి చాలా ఏళ్లయింది. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ప్రమీలకు దయతో మిల్లులోనే ఊడ్చే పని ఇచ్చారు. పొద్దున స్విచ్ వేసే వేళకు మాత్రం ఆమె గోదాము వెనక్కి వెళ్లి నిలబడాలి, ఎదురు రాకూడదు. అంటే నిపుణుడు చెప్పిన మొదటి నియమం ఇప్పుడు ఒక్క రోజు కూడా తప్పకుండా అమలవుతోంది. దీనికి ఎవరికీ శిక్షణ ఇవ్వవలసిన అవసరం పడలేదు. మీ ఇళ్ల పెళ్లిపందిళ్లలో అందరూ నేర్చుకుని వచ్చినవారే.