జాడీకి అనుమతి, వాసనకు నిరాకరణ

విదేశీ వంటపాత్రల ప్రవేశ మండలి ఎదుట ఆ ఉదయం మొదట మట్టి జాడీ, దాని తరువాత దాని వాసన, ఆ తరువాత జాడీ యజమానురాలు శ్రీమతి హన్ సునోక్, చిట్టచివర ఆమె పొరుగింటి నాగరత్నమ్మ, ఈ వరుసలోనే హాజరయ్యారు. వాసనకు జాడీ పక్కన వేరుగా కుర్చీ వేశారు. అధ్యక్షులు చిదంబరయ్య గారు నలుగురికీ నమస్కరించి విచారణ ప్రారంభించారు.

సునోక్ భర్త అనంతపురం దారిలో వెలసిన కార్ల కర్మాగారంలో ఇంజనీరు. ఆయన వెంట కొరియా నుంచి వచ్చిన నాటి నుంచి ఆమె ఒక జాడీ కోసం వెతుకుతూనే ఉంది. క్యాబేజీని కారంతో, వెల్లుల్లితో, ఉప్పుచేపతో ఊరవేసి వారు కిమ్చీ అంటారు. దానిని ఊపిరి పీల్చే మట్టిజాడీలో పెట్టాలి. ఇక్కడి బజారులో పింగాణీ జాడీలు దొరికాయి గాని అవి ఊపిరి పీల్చవు. బెంగళూరులోని కొరియా దుకాణంవారు ప్లాస్టిక్ డబ్బా ఒకటి చూపించి, ఇప్పుడు అక్కడ కూడా అందరూ దీనినే వాడుతున్నారని చెప్పారు. చివరికి ఆమె, గతించిన తల్లి ఇంటి పెరటిలో మిగిలిపోయిన జాడీనే ఓడలో తెప్పించుకుంది. జాడీ ఒంటరిగా రాలేదు. తల్లి ఊరవేసిన చలికాలాలన్నీ మట్టిలోకి ఇంకి, వాసనగా వెంట వచ్చాయి.

చిక్కు అక్కడే వచ్చింది. జాడీకి ప్రయాణపత్రాలు ఉన్నాయి, వాసనకు లేవు.

"మిరపకాయ మనదే, వెల్లుల్లి మనదే. ఉప్పుచేప మాట అలా ఉంచండి," అన్నారు అధ్యక్షులు. "కలిసిన తీరే మనది కాదమ్మా."

"సార్, అది మా అమ్మ చేతి వాసన," అంది సునోక్, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ. "జాడీ వెనక్కి పంపండి. వాసన ఉండనివ్వండి."

మండలి ఈ అభ్యర్థనను సానుభూతితో పరిశీలించింది. అయితే నిలవడానికి చోటు లేని వాసనకు నివాసానుమతి ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. చెప్పుకోవలసినది ఏమైనా ఉన్నదా అని వాసననే అడిగారు. అది బదులు పలకలేదు గాని సభ్యుల నోళ్లలో నీరూరింది. విచారణను ప్రభావితం చేసే ప్రయత్నంగా దానిని నమోదు చేసి, వాసనను తిప్పి పంపవలసిందిగా తీర్మానించారు. వేరుచేసే పనికి స్థానికులు ఒకరు పూచీ పడాలి. అధ్యక్షులు ఆ మాట ముగించక ముందే నాగరత్నమ్మ లేచి నిలబడింది.

"దిగులు పడాకు సునమ్మా. నాకు ఇడ్సిపెట్టు. వాసన పోతే పోనీ, జాడీ అన్నా నీకు మిగుల్తాది."

ఆమె మంచి మనసుతోనే పనికి పూనుకుంది. తన ఇంటి పింగాణీ జాడీలను చేసినట్లే దీనినీ బూడిదతో, చింతపండు పిప్పితో తోమింది, మిద్దెమీద ఎండబెట్టింది, సాంబ్రాణి పొగ పట్టింది. అడుగున ఇంకా కొంచెం వాసన ఉన్నదని శనగనూనె పూసి, మామిడికాయ ఊరగాయతో నింపి, మెడకు పసుపు కుంకుమ పెట్టింది. పింగాణీ అయితే పైపైనే కడుక్కుపోయేది. మట్టి కనుక ఇది అన్నీ తాగింది.

బయటపడిన వాసనను ఖాళీ పెట్టెలో ఉంచి, సీలు వేసి, తిరుగు ఓడ ఎక్కించారు. చిరునామాదారు జీవించి లేనందున, మూసి ఉన్న ఇంటి తలుపు సందులోంచి దానిని లోపలికి వదిలినట్లు కబురు వచ్చింది.

రెండవ విచారణకు మొదట జాడీ, తరువాత నాగరత్నమ్మ, చివర సునోక్ హాజరయ్యారు. వాసన కుర్చీ అప్పటికే తీసివేశారు. అధ్యక్షులు మూత ఎత్తి, వాసన చూసి, సంతృప్తితో అనుమతి ముద్ర వేశారు. సునోక్ జాడీలోకి ముఖం వంచి, అడుగుదాకా వాసన చూసి, కళ్లు తుడుచుకుంది.

"ఏడ్సాకమ్మా," అంది నాగరత్నమ్మ. "నన్ను గోదావరి కాడ్నుంచి ఈడికి కోడలుగా తెచ్చినప్పుడు మా యత్త నా పులుసు కాసే మట్టిదాకను ఇట్లే తోమిపిచ్చింది. ఇప్పుడు నాలో యాడన్నా తేడా తెలుస్తాందా?"

ఏ తేడా తెలియడం లేదని సభ్యులందరూ ఏకగ్రీవంగా ధ్రువీకరించారు.

"మీరు కూడా దీనికి కొత్త కాదు," అన్నారు అధ్యక్షులు సునోక్‌తో ఊరడింపుగా. "మీరు ఇక్కడ దిగినప్పుడు మీకూ ఇదే చేశాం. నొప్పి తెలియలేదు కదా."

సునోక్ చీర చెంగును ముక్కు దగ్గరకు తీసుకుని చూసుకుంది. తెలియలేదు సార్, అంది. ఈసారి ఆమె మాట ఎక్కడా తడబడలేదు.

అనంతరం, పరాయి జాడీని మన ఇంటి జాడీగా మార్చడంలో, ఎవరూ అడగకముందే ముందుకు వచ్చి, తన నూనె, తన మామిడికాయలు వెచ్చించి, నాగరత్నమ్మ గారు చేసిన ఉపకారానికి మండలి కృతజ్ఞతాపూర్వకంగా అభినందన తెలియజేసింది. అభినందనను ప్రతిపాదించినవారు, శ్రీమతి హన్ సునోక్.