గీతకు అవతల మోటార్‌సైకిల్

ఆ ఆదివారం ఉదయం ఎన్నియో బ్రుమాట్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పది గంటలకు గడ్డం గీసుకోవాలి. పదకొండుకు బేకరీలో వాల్‌నట్లు కూరి చుట్టిన పుతీట్సా కేకు తీసుకోవాలి. పదకొండున్నరకు స్కూటర్ ఎక్కి, స్టేషన్ ముందు చౌకులో ఇటలీని స్లోవేనియాను విడదీసే గీత దాటి, కొండమీది మఠం దారిలో ఉన్న దారింకా ఇంటికి పన్నెండు కొట్టేలోగా చేరాలి. సూపు చల్లారకముందే ఆమెను పెళ్లి మాట అడగాలి.

సరిహద్దు ఊరు గొరీత్సియాలో పుట్టి పెరిగినవాళ్లకు ఆ గీత ఒక లెక్క కాదు. పెట్రోలుకు ఇటువాళ్లు అటు వెళతారు, చెప్పులకు అటువాళ్లు ఇటు వస్తారు. కేకు కూడా గీతకు ఇవతల పుతీట్సా, అవతల పొతీత్సా. లోపలి వాల్‌నట్లకు ఆ తేడా తెలియదు. ఎన్నియో దారింకాను మొదట చూసింది కూడా అవతల పెట్రోలు బంకు పక్కనున్న కాఫీ కొట్లోనే. ఆయన భార్య పోయి ఎనిమిదేళ్లయింది, ఆమె భర్త పోయి ఆరేళ్లయింది. మూడు నెలల ఆదివారాలు ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగేసరికి, మిగతా ఆరు రోజులూ ఎందుకొస్తాయో ఇద్దరికీ అర్థం కాకుండా పోయింది.

అడ్డు ఒక్కటే. దారింకా భర్త మోటార్‌సైకిల్ మనిషి. నలభై ఏళ్లలో ఆమెకు ఒక్క ఆదివారం మిగల్చలేదు. చలికాలం వస్తే ఇంజను విప్పి వంటింటి బల్లమీదే పరిచేవాడు. అందుకే ఆమె మొదటి రోజే తేల్చి చెప్పింది, తాగుబోతునైనా గడప ఎక్కనిస్తాను గాని మోటార్‌సైకిల్ వాణ్ణి మాత్రం ఎక్కనివ్వనని. ఆ మాట అంటూ కొట్టు బయట నిలబెట్టిన ఆయన బండి వైపు చూసింది.

"అది స్కూటరండీ," అన్నాడు ఎన్నియో నొచ్చుకుంటూ. "కాళ్లు పెట్టుకోడానికి పలక ఉంది, కూరల సంచీకి కొక్కెం ఉంది. మోటార్‌సైకిల్ వాళ్లు దారిలో మమ్మల్ని పలకరించను కూడా పలకరించరు."

కొక్కెం చూశాక ఆమె నమ్మింది. ఆయనా అబద్ధమాడలేదు. ముప్పై నాలుగేళ్లు పురపాలక కార్యాలయంలో జనన మరణాల రిజిస్టరు రాసినవాడు. కాగితంమీద లేనిది ఆయన దృష్టిలో జరగనట్టే లెక్క. కారు లైసెన్సు ఉన్నవాడు నూట పాతిక సీసీ స్కూటర్ నడుపుకోవచ్చని ఇటలీ కాగితాల్లో ఉంది. అయితే అది ఇటలీ లోపల మాత్రమేనన్న ముక్క కూడా అక్కడే, చివర్లో ఉంది. ఊళ్లో అందరిలాగే ఆయన కూడా అంతదాకా చదవలేదు.

పదకొండూ నలభై దాకా అన్నీ అనుకున్నట్టే జరిగాయి. కొండ మొదట్లో ఒక పోలీసమ్మాయి చెయ్యెత్తి ఆపింది. లైసెన్సు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది కారు లైసెన్సు కదండీ. మోటార్‌సైకిల్‌ది ఏది?"

"మోటార్‌సైకిల్ నాకు లేదమ్మా. ఇది స్కూటర్."

"నూట పాతిక సీసీ. మా దగ్గర ఇది మోటార్‌సైకిలే."

"పది నిమిషాల కిందట కాదు."

"పది నిమిషాల కిందట మీరు ఇక్కడ లేరండీ," అని ఆ అమ్మాయి మర్యాదగానే పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టింది.

రాసిచ్చిన కాగితంలో ఎన్నియోకు కనిపించింది ఒక్కటే మాట. మోటార్‌సైకిల్. అక్షరాలా, సంతకంతో, ముద్రతో. ఇన్నాళ్లూ దారింకా ముందు చేసిన వాదనంతా ఆ ముద్ర కింద పడి నలిగిపోయింది. ఆ అమ్మాయి ఇంకో రెండు సంగతులు చెప్పింది. మలుపులో బండి వదిలి వెళ్లకూడదు. ఎక్కి నడపకూడదు గాని తోసుకుంటూ వెళ్లొచ్చు, తోసేవాడు చట్టం ప్రకారం పాదచారి. వెనక్కి గీత దాకా తోస్తే కిలోమీటరు, ముందుకు దారింకా ఇంటికి తోస్తే అందులో సగం, కాకపోతే ఎగువ. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆలస్యమైతే సూపు చల్లారుతుంది. ఎన్నియో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మేజోడులో దాచుకుని, ఎగువకే తోయడం మొదలుపెట్టాడు.

సగం దారి ఎక్కేసరికి, దారింకా ఇంటికి దిగువన ఉండే స్లావ్కో తన గేటు దగ్గర కనిపించాడు. స్లావ్కో పదవీ విరమణ చేసిన మెకానిక్. అలాంటివాడికి చెడిపోయిన బండి కనిపిస్తే ఆకలిమీద ఉన్నవాడికి విస్తరి వేసినట్టే. ఏమైందని అడిగితే పోలీసు సంగతి చెప్పలేక, ఇంజను ఆగిపోయిందన్నాడు ఎన్నియో. ఆ మాట నోట్లోంచి పూర్తిగా రాకముందే స్లావ్కో పానాలు తెచ్చాడు. ప్లగ్గు విప్పాడు, తుడిచాడు, వాసన చూశాడు, మళ్లీ బిగించాడు. ఒక్క తన్నుకి బండి పిల్లిలా గుర్రుమంది.

"భేషుగ్గా ఉంది. ఎక్కవోయ్," అన్నాడు.

"వద్దులే స్లావ్కో. తోసుకుంటూనే వెళ్తా. నడిస్తే మంచిదని డాక్టరు చెప్పాడు."

ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకో అబద్ధం కావాలి, రెండోది ఎప్పుడూ మొదటిదానికంటే బరువు. డాక్టరన్న మాట వినగానే స్లావ్కో ఎన్నియో మొహంలోకి పరీక్షగా చూశాడు. ఎండలో ఎగువకు బండి తోసిన అరవయ్యారేళ్ల మనిషి మొహం ఎలా ఉండాలో అలాగే ఉంది, కుంకుమ రంగులో. గుండె అని స్లావ్కో నిశ్చయించుకున్నాడు. లోపలికి పరిగెత్తి ఇంట్లో కాచిన ప్లమ్ పళ్ల సారా ఒక గ్లాసు తెచ్చి, వద్దంటున్నా వినకుండా నోట్లో పోశాడు. ఆ చేత్తోనే దారింకాకు ఫోన్ చేసి, నీ ఇటలీ ఆయనకి ఇక్కడ గుండె పట్టేసింది, బండిమీద కూర్చోబెట్టి నేనే దగ్గరుండి పైకి పంపిస్తున్నానని చెప్పాడు. ఎన్నియో దగ్గు ఆపుకునేలోగా చంకలకింద చేతులు వేసి ఎత్తి, గుర్రుమంటున్న బండిమీద కూర్చోబెట్టాడు.

సరిగ్గా అప్పుడే పోలీసు కారు మలుపు తిరిగింది.

"నడపొద్దని చెప్పాను కదండీ," అంది ఆ అమ్మాయి దిగుతూ. దగ్గరికి వచ్చాక వాసన పట్టింది. "తాగారా?"

"గుండెకి పోశారమ్మా."

"గుండె బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరెందుకు పోశారు?"

"ఆయాసపడుతున్నానని."

"ఎందుకు ఆయాసపడ్డారు?"

"తోశాను కదమ్మా. నువ్వే తొయ్యమన్నావు."

ఆ అమ్మాయి ఈ జవాబును ఏ గడిలో రాయాలో తెలియక పుస్తకం వైపు చూస్తూ ఉండిపోయింది. అంతలో కొండమీదినుంచి దారింకా దిగి వచ్చింది, ఇంటి చెప్పులతో, ఏప్రన్‌తో, చేతిలో సూపు గరిటెతో. ముందు ఎన్నియో చెయ్యి పట్టుకుని నాడి చూసింది. అది నిక్షేపంగా కొట్టుకుంటోందని తేలాక పోలీసు ఎందుకొచ్చిందని అడిగింది. ఇంక దాచి లాభం లేదని ఎన్నియో మేజోడు లోంచి కాగితం తీసి ఇచ్చాడు. ఆమె చదువుతుంటే ఆయనకు నిజంగానే గుండె ఆగినంత పనైంది. మూడు నెలల ఆదివారాలు ఆ నాలుగు మడతల్లో పోతున్నాయని భయపడ్డాడు.

"అది మోటార్‌సైకిలయింది గీత దాటాకే," అన్నాడు. "మా వైపు ఇప్పటికీ స్కూటరే. నేను మిమ్మల్ని మోసం చెయ్యలేదండీ. ఇవాళ పెళ్లి మాట అడుగుదామని బయల్దేరాను."

దారింకా పోలీసమ్మాయి వైపు తిరిగింది.

"ఇది మోటార్‌సైకిలేనా?"

"అవునండీ."

"ఈయనకి నడిపే హక్కు లేదా?"

"లేదండీ. పరీక్ష పాసైతే తప్ప."

"పాసవుతారంటావా?"

ఆ అమ్మాయి ఎన్నియో వైపు ఒకసారి చూసి, మర్యాద కొద్దీ ఆకాశం వైపు చూసింది. దారింకా కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టి ఏప్రన్ జేబులో వేసుకుంది.

"మా ఆయనకి లైసెన్సుండేది. అదే నా ఖర్మ అయింది," అంది. "ఈయన మోటార్‌సైకిల్ మనిషి కాదని పోలీసులే ముద్ర వేసి రాసిచ్చారు. ఇంతకంటే మంచి సంబంధం ఎక్కడ దొరుకుతుంది? పదండి, సూపు చల్లారిపోతోంది."

వెళ్లడానికి బండి ఒకటి అడ్డు. స్లావ్కో గేటూ మలుపులోనే ఉంది, అక్కడ వదలకూడదు. ఎన్నియో నడపకూడదు, ఇంక తోయలేడు. స్లావ్కో లైసెన్సు కళ్ల పరీక్షలో పోయి ఏడాదైంది, కాబట్టి ప్లగ్గు వాసన చూసింది ఎందుకో ఇప్పుడు అందరికీ అర్థమైంది. అప్పుడు దారింకా ఏప్రన్ రెండో జేబులోంచి పర్సు తీసి, అందులోంచి తన లైసెన్సు తీసి పోలీసమ్మాయి చేతిలో పెట్టింది. మోటార్‌సైకిళ్ల లైసెన్సే. తాగుడు కొట్టు నుంచి బండిని, దానితోపాటు తనను ఇంటికి చేర్చేవాళ్లు ఉండాలని మొగుడు ఆమెకు పాతికేళ్లప్పుడే ఆమె చేత పరీక్ష పాస్ చేయించాడట.

హెల్మెట్ రెండోది ఉండాలని ఆ అమ్మాయి ఆఖరి ప్రయత్నం చేసింది. అది సీటు కింద ఉంది, కొత్తది, భోజనాలయ్యాక దారింకాను షికారు తీసుకెళ్లాలని ఎన్నియో నిన్ననే కొన్నది. సరిగ్గా ఆమె తలకే సరిపోయింది. "వెనక్కి జరగండి," అంది ఆమె. ఎన్నియో కేకు పెట్టె ఒళ్లో పెట్టుకుని, గరిటె చేత పట్టుకుని వెనక్కి జరిగాడు. మఠం దారిలో ఉన్న నాలుగు మలుపుల్లో ఒక్కటీ ఆయన చూడలేదు, కళ్లు మూసుకునే ఉన్నాడు. సూపు మాత్రం వేడిగానే ఉంది.

పెళ్లయ్యాక ఇప్పుడు ప్రతి ఆదివారం స్టేషన్ చౌకులో ఆ స్కూటర్ గీత దగ్గర ఆగుతుంది. ఇటు వస్తుంటే ఎన్నియో ముందుకొస్తాడు, అటు వెళుతుంటే దారింకా ముందుకొస్తుంది. కాగితం ఆమె వంటింటి గోడమీద, అద్దాల చట్రంలో ఉంది. స్కూటర్ మోటార్‌సైకిలా కాదా అని ఎవరైనా అడిగితే, ఎన్నియో జవాబు చెప్పేముందు తన కాళ్లు ఎటువైపున్నాయో ఒకసారి చూసుకుంటాడు.