ఎండుచేపల గంపలో హాజరు

ఆ రోజు ఉదయం హరిబాబు వేసుకున్న పథకం చాలా మామూలుది. పెసరట్లు తిని, లుంగీ మార్చకుండా కంప్యూటరు ముందు కూర్చుని, పాతిక కిలోమీటర్ల అవతల కళింగపట్నం తీరంలో ఉద్యోగం చెయ్యాలి. రోజూ చేస్తున్నదే.

అతను శ్రీకాకుళంలో, తీర పర్యవేక్షణ ఆఫీసులో ఫీల్డు అసిస్టెంటు. ఇసుకలో తిరిగి పడవల రాకపోకలు చూడడం, గాలివాన హెచ్చరిక వస్తే పడవల వాళ్లకు చెప్పడం అతని పని. అయితే ఇసుకలో నడిస్తే హరిబాబుకు మడమలు నొప్పి, చేపల వాసనకు తలనొప్పి, ఎండ తగిలితే ఒళ్లంతా నొప్పి. ఏ నొప్పీ లేకుండా చేసేది జీతం తీసుకోవడం ఒక్కటే. ఇలాంటి ఘనుల కోసమే ఆఫీసరు జగన్నాధం కొత్త పద్ధతి పెట్టాడు. ఫీల్డు సిబ్బంది పొద్దున్నించి సాయంత్రం దాకా తమ ఫోను లొకేషను ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టి ఉంచాలి. ఎవరు ఎక్కడున్నారో ఆయన మ్యాపులో చూసుకుంటాడు.

హరిబాబు మేధావి కదా! మ్యాపు చూపించేది ఫోను ఎక్కడుందో గానీ మనిషి ఎక్కడున్నాడో కాదని వెంటనే కనిపెట్టేశాడు. ఫోనులో ఒక యాపు, ఇంట్లో కంప్యూటరులో దాని జత సాఫ్ట్‌వేరు వేసుకున్నాడు. ఇక ఫోను ఎక్కడున్నా దాని తెర ఇంట్లో కనబడుతుంది. ఇక్కడ మౌసు నొక్కితే అక్కడ ఫోను పనిచేస్తుంది. ఇంత తెలివిలో పావువంతు ఉద్యోగంలో చూపించి ఉంటే ఈపాటికి జగన్నాధం కుర్చీలో తనే కూర్చునేవాడు.

ఫోను ప్రతి సోమవారం కళింగపట్నం వెళ్లి శనివారం తిరిగొచ్చేది. మోసేది గున్నమ్మ. ఆమె శ్రీకాకుళం వీధుల్లో ఎండుచేపలు అమ్ముకుని, ఖాళీ గంపతో బస్సెక్కి ఊరెళ్లిపోతుంది. ఆమె మొగుడు దాలయ్యకు వల మీద సబ్సిడీ ఇప్పిస్తానని ఆశపెట్టి, హరిబాబు ఆ గంపలో తన ఫోను పెట్టి పంపేవాడు. ఆఫీసరు ఫోను చేస్తే ఎత్తొద్దని గున్నమ్మకు గట్టిగా చెప్పాడు. ఇంటినించి తనే మెసేజి కొట్టేవాడు: "కెరటాల హోరులో వినబడడం లేదు సార్." ఫొటో పెట్టమంటే దానికీ ఏర్పాటుంది. ఒక ఆదివారం సంచినిండా చొక్కాలు తీసుకెళ్లి, మార్చి మార్చి తీరంలో ఫొటోలు దిగి వచ్చాడు. రోజుకో చొక్కా గ్రూపులోకి వెళ్లేది.

"మీరు ఉద్యోగం సేస్తన్నారో, మీ ఫోను సేస్తన్నాదో నాకైతే తెలీదు. ఇంట్లో మటుకు ఎండుచేపల వాసన వస్తన్నాది" అనేది భార్య ఉష.

"సర్టిఫికెట్టు వచ్చాక తెలుస్తాది నీకు."

ఆగస్టు పదిహేనున కలెక్టరుగారి చేతులమీదుగా ఇచ్చే ఉత్తమ ఉద్యోగి ప్రశంసాపత్రం సంగతి అది. తోడల్లుడికి అంతకుముందే వచ్చింది. అతగాడు దాన్ని ఫ్రేము కట్టించి గుమ్మానికి ఎదురుగా పెట్టినప్పటినించి హరిబాబుకు కంటిమీద కునుకు లేదు. తన ముందుగదిలోనూ మేకు కొట్టించి సిద్ధంగా ఉంచాడు. ఆఫీసు నించి వెళ్లేది ఒకే ఒక్క పేరు. పోటీ కృపానిధితో. ఆ కృపానిధి రోజూ నిజంగానే తీరానికి వెళ్లి తిరిగేవాడు, పాపం, అంతకన్నా ఉపాయం తెలియక.

పెసరట్టు మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే గుమ్మంలో గున్నమ్మ గంప దించింది.

"బాబూ, ఈయేల నాను ఊర్లో ఉండను. మా అప్పకి ఒంట్లో బాగోలేదు, సూసొస్తాను. మీ పోను మా ఆయనకి ఇచ్చినాను."

"ఇంట్లో పడేస్తాడేటి? మొన్న నీ వంటింట్లో ఉన్నట్టు మ్యాపులో పడిపోనాది. అది సముద్రం కాడే ఉండాల!"

"అదే సెప్పినాను బాబూ. ఒంటిమీంచి తియ్యకు, సముద్రం ఇడిసి రాకు అన్నాను."

"అలగ సెప్పు మరి" అని మెచ్చుకుని హరిబాబు రెండో ముక్క తుంచాడు.

దాలయ్య భార్య మాట జవదాటే మనిషి కాడు. ఫోనును ప్లాస్టిక్ కవరులో చుట్టి, మొలలో దోపుకుని, అందరితోపాటు పడవెక్కి వేటకు వెళ్లిపోయాడు.

కాసేపటికి గ్రూపులో జగన్నాధం మెసేజి పడింది. వాయుగుండం వస్తోంది, పడవలన్నీ వెనక్కి రావాలి అని. దాని వెనకే ఇంకొకటి: "హరిబాబూ, నువ్వు సముద్రంలో ఉన్నావేటయ్యా?"

హరిబాబు మ్యాపు తెరిచాడు. తన పేరు తీరం దాటి నీలం రంగు మధ్యన, ఒడ్డుకు చాలా దూరంగా తేలుతోంది. పెసరట్టు గొంతులో అడ్డం పడింది. నిజం చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఏం చెప్పాలి? అయితే అబద్ధం అతనికి ఎప్పుడూ నిజం కన్నా ముందే అందుతుంది.

"అవున్సార్. హెచ్చరిక వస్తాదని ముందే అనుమానించి, పడవలను వెనక్కి పిలవడానికి నేనే వచ్చేశాను" అని కొట్టాడు.

జగన్నాధం ఆనందం పట్టలేకపోయాడు. ఆ మెసేజిని అక్కడికక్కడే కలెక్టరాఫీసుకు పంపేశాడు. కృపానిధి రెండు చేతులూ జోడించిన బొమ్మ పెట్టాడు. "శభాష్! సముద్రంలో నీ ఫొటో ఒకటి పెట్టు" అన్నాడు జగన్నాధం.

చొక్కాలన్నీ ఒడ్డుమీదివే. సముద్రంలో చొక్కా ఒక్కటీ లేదు. హరిబాబు కంప్యూటరులోనించే ఫోను కెమెరా తెరిస్తే అంతా చీకటి. దాలయ్య బయటికి తీస్తాడేమోనని ఫోనులో పాట పెట్టి మోగించాడు. అక్కడ నడిసముద్రంలో దాలయ్య మొల పాటందుకుంది. అతను ఉలిక్కిపడి ఫోను బయటికి తీశాడు. ముట్టుకోకుండానే తెర మారింది, కెమెరా తెరుచుకుంది, దానంతటదే క్లిక్కుమంది. దాలయ్య కెవ్వున కేకేసి, గంగమ్మతల్లికి దణ్ణం పెట్టుకుని, ఆ ఫోనును ఐసుపెట్టెలో చేపల కిందికి తోసి మూత బిగించాడు.

గ్రూపులో మాత్రం ఫొటో పడింది: రెండు ముక్కు రంధ్రాలు, సగం మీసం. "మొండికేసిన జాలరికి నచ్చజెబుతున్నాను" అని హరిబాబు కింద రాసేలోపే కంప్యూటరు తెర నల్లబడింది. ఫోను అందడం లేదు.

మధ్యాహ్నానికి గాలి పెరిగింది. సముద్రంలోకి వెళ్లిన హరిబాబు లొకేషను మాయమైందని ఆఫీసంతా గగ్గోలెత్తింది. వీధి చివర జీపు ఆగడం కిటికీలోంచి చూసి, హరిబాబు కుర్చీ వేసుకుని అటకెక్కేశాడు.

"ఒసే, ఏడు!" అన్నాడు పైనించి.

"దేనికి? మీరు బతికున్నందుకేటి?" అంది ఉష.

జగన్నాధం కళ్లు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. వెనక కృపానిధి, ఆ వెనక సగం వీధి. "అమ్మా, నీ భర్త లాంటి ఉద్యోగిని నా సర్వీసులో సూడలేదు. ప్రశంసాపత్రం అతనికేనని కలెక్టరుగారితో ఇప్పుడే సెప్పేశాను" అన్నాడు. ఉష కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరూ దుఃఖమనుకున్నారు. అటక మీద, ఊరగాయ జాడీల మధ్య బొద్దింకలు పాకుతున్నా, హరిబాబు మురిసిపోయాడు. బతికుండగా తన సంతాపసభ విని ఇంతగా సంతోషించినవాడు ఉత్తరాంధ్రలో మరొకడుండడు.

అంతలో జగన్నాధం ఫోను మోగింది. పడవలు ఒడ్డువైపు వస్తున్నాయట. అందరూ లేచారు. "ఒక్క మాట ప్రార్థన సేసుకుని బయల్దేరదాం సార్" అన్నాడు కృపానిధి.

కృపానిధి ఒక్క మాట ప్రార్థన ఎంతసేపుంటుందో ఆఫీసంతటికీ తెలుసు. సముద్రాన్ని సృష్టించిన దగ్గరనించి మొదలుపెట్టాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. హరిబాబు మెల్లగా అటక దిగి, తన ఆత్మశాంతికి కాకపోయినా ప్రాణరక్షణకు ప్రార్థిస్తున్న వాళ్ల మధ్యలోంచి మునివేళ్ల మీద నడిచి, పెరటి గుమ్మం దాటాడు. ఒక్క ఉష మాత్రం కళ్లు తెరిచి చూసి, మళ్లీ గట్టిగా మూసుకుంది.

పక్కింటివాళ్ల మోటారుసైకిలు మీద, హెల్మెట్టులో ముఖం దాచుకుని, అతను జీపు కన్నా ముందే కళింగపట్నం చేరాడు. పడవ దిగినవాడిలా కనబడాలంటే తడవాలి. పడవలు ఒడ్డుకొచ్చే చోట నీళ్లలోకి దిగాడు. ఇన్నేళ్ల సముద్రపు ఉద్యోగంలో చీలమండ దాటి నీళ్లు చూడని మనిషి! రెండో కెరటం అతన్ని ఎత్తి కుదేసింది, మూడోది లోపలికి ఈడ్చుకుపోయింది. అప్పుడే వస్తున్న పడవలోంచి ఒక చెయ్యి జుట్టు దొరకబుచ్చుకుని పైకి లాగింది. ఆ చెయ్యి దాలయ్యది.

ఒడ్డున జీపు ఆగింది. తడిసి, వణికి, ఉప్పునీళ్లు కక్కుతూ పడవలోంచి దిగిన హరిబాబును జగన్నాధం కావలించుకున్నాడు.

"వీరుడివయ్యా! ప్రాణాలకు తెగించి అంత దూరం ఎల్లావు!"

"ఎంత దూరం బాబూ?" అన్నాడు దాలయ్య. "ఈ బాబు మాతో రానేదు. ఇక్కడే నీలు తాగేస్తంటే లాగినాం. మాతో వచ్చినాది ఈ బాబు పోను." ఐసుపెట్టె తెరిచి, చేపల కిందనించి దాన్ని పైకి తీశాడు. "దీనికి దెయ్యం పట్టినాది. ముట్టుకోకండానే నా పొటో తీసినాది. మీ వస్తువు మీరట్టుకుపోండి."

జగన్నాధం ఆ ముక్కు చూశాడు. ఆ మీసం చూశాడు. గ్రూపులో పడ్డ ఫొటో గుర్తొచ్చింది. హరిబాబును కావలించుకున్న చేతులు మెల్లగా జారాయి. సరిగ్గా అప్పుడే కలెక్టరాఫీసు నించి ఫోను వచ్చింది.

తన కింది ఉద్యోగి తనను ఇన్నాళ్లూ వెర్రివాణ్ని చేశాడని జగన్నాధం చెప్పొచ్చు. అప్పుడు ఆ లొకేషను పద్ధతి ఎవరి బుర్రలో పుట్టిందని అడుగుతారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"క్షేమంగా దొరికాడు సార్. పడవలోంచే దిగాడు, నా కళ్లారా సూశాను" అని ఫోను పెట్టేసి, హరిబాబు చెవి దగ్గర మెల్లగా అన్నాడు: "సర్టిఫికెట్టు నీకే. నీ సంగతి తరవాత సూద్దాం."

ఆగస్టు పదిహేనున ప్రశంసాపత్రం వచ్చింది, మేకుకు ఎక్కింది. తోడల్లుడు వచ్చి చూసి ముఖం మాడ్చుకున్నాడు కూడా. మర్నాడు ఆఫీసు ఉత్తర్వు వచ్చింది. ఇంతటి సాహసిని ఒడ్డున ఉంచి వృథా చేయరాదు కనుక, ఇకపై ప్రతిరోజూ తెల్లవారకముందే దాలయ్య పడవలో వేటకు వెళ్లి, సముద్రంలోనే పర్యవేక్షణ జరపవలెను. కృపానిధిని ఆఫీసులో ఫ్యాను కింద కూర్చోబెట్టారు.

ఇప్పుడు హరిబాబు రోజూ సముద్రంలోకి వెళుతున్నాడు. తడుస్తుందని ఫోనును మాత్రం ఇంట్లోనే పెట్టి వెళుతున్నాడు.