పరుపుల అంగడి పత్రం

సోమవారం పొద్దున్నే బస్సెక్కి ఆదోని పోవాలి, పత్రం రాయించుకుని ఉగ్గాని బజ్జి తినాలి, మధ్యాహ్నానికల్లా తిరిగి ఎమ్మిగనూరు చేరి అంగడి తెరవాలి. ఇమాం సాబ్, మల్లికార్జునయ్య అనుకున్నది ఇంతే. ఇద్దరూ ముప్పై రెండేళ్లుగా కలిసి పరుపుల అంగడి నడుపుతున్నారు. ఇమాం సాబ్ దూది ఏకి పరుపులు కుడతాడు. మల్లికార్జునయ్య పత్తి తెస్తాడు, బేరం మాట్లాడతాడు. ఇన్నేళ్లలో వాళ్ల మధ్య ఒక్క కాగితం లేదు. ఇప్పుడు అంగడి గది యజమాని భాగస్వామ్య పత్రం అడిగాడు. శనివారంలోగా చూపించకపోతే గది ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు.

ఆదోనిలో పత్రాలు రాసే సుధీర్ రెండు పేజీలు చేతికిచ్చాడు. "చదువుకోని సంతకాలు పెట్టండన్నా. సాక్షుల్ని మీ ఊర్లోనే సూసుకోండి."

"మల్లన్న ఉండాడు కదప్పా, నేను సదివేదేముంది?" అన్నాడు ఇమాం సాబ్.

మల్లికార్జునయ్యకు చదవాలనే ఉంది. కానీ ఇమాం ఎదురుగా కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్క వరుసా చూస్తే అనుమానించినట్టు ఉండదా? అద్దాలు జేబులోంచి తీయనే లేదు. ఒకరు సంతకం చేస్తుంటే ఇంకొకరు మర్యాదగా వీధివైపు చూశారు. సుధీర్ ఫోన్లో మాట్లాడుతూనే కాగితాలు మడిచి కవర్లో పెట్టేశాడు.

ఊరికి రాగానే సాక్షి సంతకం కోసం పక్కనే జిరాక్స్ అంగడి నడిపే సంతోషమ్మ దగ్గరికి పోయారు. ఆమె చదవనిదే సంతకం చేయదు. మొదటి పేజీ సగానికి వచ్చి ఆగిపోయింది.

"ఏందన్నా ఇది? 'నేటినుండి మేమిరువురము వ్యాపారము విరమించి విడిపోవుచున్నాము' అని ఉండాది! ముప్పై రెండేండ్లు కలిసుండి ఇప్పుడు యేరు పోతాండారా?" రెండో పేజీ తిప్పడానికి ఆమెకు చేతులు రాలేదు. కాగితాలు తిరిగి ఇచ్చేసి కళ్లు తుడుచుకుంది.

మొన్న ఆదోనికి పోయి పేర్లు ఇచ్చి వచ్చింది ఇమాం సాబే. అంటే విడిపోవాలన్నది ఆయన కోరికేనని మల్లికార్జునయ్య అనుకున్నాడు. పోయిన వారం అంగడి మెట్లెక్కుతూ "ఇంక మన వల్ల కాదు ఇమాం" అన్నది మల్లికార్జునయ్య. ఇమాం సాబ్‌కు ఆ మాట గుర్తొచ్చింది.

"నీ ఇష్టమే మల్లన్నా," అన్నాడు మెల్లగా.

"నాదేముంది ఇమాం, నీ ఇష్టం యెట్లుంటే అట్ల."

ఇద్దరికీ అనుమానం తీరిపోయింది.

సాయంత్రానికి ఇమాం సాబ్ దూదేకే విల్లు భుజాన వేసుకుని, తన తాళంచెవి అంగడికి మూటలు మోసే బజారి అనే హమాలీ చేతిలో పెట్టాడు. "అంగడి మల్లన్నకే ఉండనీ." కాసేపటికి మల్లికార్జునయ్య తన తాళంచెవి ఇచ్చాడు. "అంగడి ఇమాందే. ఆయప్పకియ్యి."

రెండు తాళంచెవులు పట్టుకుని బజారి వీధిలో నిలబడ్డాడు. "మరి నేను యెవురి తట్టు పోవల్ల సామీ?" అన్నాడు. వినడానికి అక్కడ ఎవరూ లేరు.

మూడు రోజులు అంగడి మూసే ఉంది. గురువారం గది యజమాని పంపిన వడ్రంగి వచ్చి గది కొలతలు తీసుకుపోయాడు. అదే రోజు గోనెగండ్ల నుంచి ఉచ్చీరమ్మ కూతురి పెళ్లికి పరుపు కోసం వచ్చింది.

"అంగడి నాది కాదమ్మా, మల్లన్ననడుగు," అన్నాడు ఇమాం సాబ్. మల్లికార్జునయ్య ఇంటికి పోతే, "నాది కాదు తల్లీ, ఇమాంనడుగు."

రెండోసారి తిరిగి వచ్చేసరికి ఉచ్చీరమ్మకు ఓపిక అయిపోయింది. ఇమాం సాబ్ ఇంటి మెట్ల మీద కూలబడింది. "ఆదివారం పెండ్లి పెట్టుకోనుండాను. అంగడి యెవురిది కాదో మీరిద్దరూ తేల్చుకోని సెప్పండి!"

లోపల మల్లికార్జునయ్య భార్య ప్రభావతి అప్పటికే వచ్చి కూర్చుని ఏడుస్తోంది. "మీ ఆయన మా ఆయన్ను వద్దనుకున్న్యాడు గదక్కా!"

"మా ఆయన మూడు దినాల నుంచి సరిగ్గా తిన్నేలేదు, వద్దనుకునేదేంది?" అంది ఇమాం సాబ్ భార్య సర్దార్‌బీ. "ఆ కాగితం తేపో."

సర్దార్‌బీ ఏ బడికీ పోలేదు. సరుకులు కట్టి ఇచ్చిన పేపరు ముక్కలు కూడబలుక్కుని నలభయ్యో ఏట చదవడం నేర్చుకుంది. ఇంట్లోంచి ఎవరు బయలుదేరినా చివరి మాట వినందే గుమ్మం దిగనివ్వదు. కాగితమూ అంతే, చివరి అక్షరం చూడందే వదలదు. వేలు పెట్టి రెండు పేజీలూ చదివింది. చదివి ఇద్దరు మగవాళ్లనూ పిలిపించింది.

"విడిపోయేటోళ్ల సంతకాలు అన్న చోటు ఖాళీగుండాది. దాని కింద సాక్షులు అని ఉండాది. ఒగటి ఇమాం సాబ్, రెండు మల్లికార్జునయ్య. ఇదేంది?"

ఇమాం సాబ్ తల గోక్కున్నాడు. "పై చోటు మల్లన్నకు ఇడిసిపెట్టి కింద పెట్టినా."

"ఆయప్ప పేరుకు పైన నాది పెడితే బాగుంటాదా? అందుకే ఇంకా కింద పెట్టినా," అన్నాడు మల్లికార్జునయ్య.

"అయితే ఇడిపోయింది యెవురు?" అంది సర్దార్‌బీ. "ఇద్దరూ పక్కన నిలబడి సూసినోళ్లే!"

ప్రభావతి ఏడుపు నవ్వులోకి దిగింది. ఫోన్లో సుధీర్ లెంపలేసుకున్నాడు. "గూడూరు అన్నదమ్ములు యేరుపడిన పత్రంలో పేర్లు మార్చినా గాని, లోపలి మాటలు మార్చేది మర్సిపోయినా అన్నా." ఇమాం సాబ్ విల్లు భుజాన వేసుకుని, బజారి దగ్గర తాళంచెవి తీసుకుని అంగడికి నడిచాడు. ఉచ్చీరమ్మ పరుపు ఆ సాయంత్రమే సిద్ధమైంది. మల్లికార్జునయ్య దూది అందిస్తూ మాటిమాటికీ కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

శుక్రవారం కొత్త పత్రం వచ్చింది. సర్దార్‌బీ దాన్ని పది నిమిషాల్లో చివరిదాకా చదివేసింది. పై చోట ఎవరు సంతకం చేయాలన్నది తేలేసరికి మాత్రం శనివారం మధ్యాహ్నమైంది.