బిషప్ ఎక్కిన బండి

గురువారం పొద్దున్న టీ తాగుతూ నెవిల్ రెయిస్ట్రిక్ వేసుకున్న ప్లాను చాలా సాదాసీదాది. పదింటికి దగ్గర్లోని టౌనుకి వెళ్ళాలి. పాత కార్ల యార్డులో కార్లు చూడాలి. ఏదీ నచ్చలేదని చెప్పాలి. భోజనం వేళకి ఇంటికి వచ్చెయ్యాలి. నచ్చలేదని చెప్పాలన్న సంగతి అతను ముందురోజే నిశ్చయించుకున్నాడు.

అతని భార్య గేనర్ ప్లాను వేరు. ఆవిడ కొలత టేపు, పెన్సిలు, పడవ పొడవు రాసుకున్న చీటీ సంచిలో పెట్టుకుని అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. పక్కన రెండు కుక్కలు. నెటిల్ పిడికెడంత ఉంటుంది గానీ ఆకు కదిలినా అరుస్తుంది. బిషప్ పద్నాలుగేళ్ళ నల్ల కుక్క, దూడంత ఉంటాడు, నడుము పూర్తిగా పడిపోయింది.

శనివారం బిషప్ పుట్టినరోజు. ఏటా ఆ రోజు వాణ్ణి ఈదించడం ఆ ఇంటి ఆనవాయితీ, ఈ ఊరొచ్చాక కొండ మీది మడుగులో. నేల మీద నాలుగడుగులకే కూలబడేవాడు నీళ్ళలో పడితే చాలు, నొప్పులన్నీ మరిచిపోయి పడవ పక్కనే ఈదేవాడు. కిందటేడు చిన్న కారులోకి ఎక్కలేకపోయాడు. ఎత్తబోయిన నెవిల్‌కి నడుం పట్టేసింది. వాణ్ణి వదిలేసి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేసరికి, గేటు దగ్గర వానలో తడుస్తూ పడుకుని ఉన్నాడు. రెండ్రోజులు తిండి ముట్టలేదు.

"ఈసారి తీసుకెళ్ళి తీరాలి నెవిల్. వచ్చే ఏడుకి ఉంటాడో లేదో," అంది గేనర్.

"తీసుకెళ్దాం, వద్దన్నానా? దానికి వ్యాను కొనాలా? పెద్ద బండి కొన్నామని తెలిసిందంటే చాలు, ఊరంతా మన గుమ్మంలోనే. ఆస్పత్రికి దింపు, స్టేషన్లో దింపు, మా అత్తని దింపు! నేను రిటైరైంది ఊరికి డ్రైవరు పని చెయ్యడానికా?"

"నీ మొహం చూసి ఎవరూ ఎక్కర్లే. పద."

యార్డులో గేనర్ మొదటి కారుకి టేపు పెట్టి, "వెనక గడప నా మోకాలి పైకుంది," అని కొట్టేసింది. రెండో దానికి వెనక అద్దం ఏటవాలుగా ఉంది. "ఇందులో కూర్చుంటే బిషప్ మెడ వంచుకుని ప్రార్థన చెయ్యాలి." దాన్నీ కొట్టేసింది. నెవిల్ లోలోపల సంబరపడుతుండగా మూడోది కనిపించింది. వ్యాను ఒంటికి కిటికీలూ సీట్లూ తగిలించిన ముదురు బూడిదరంగు బండి. పక్కలకి జారే తలుపులు, చదునైన నేల, జానెడు ఎత్తు గడప. పడవ పడుతుంది, గుడారం పడుతుంది, రెండు కుక్కలూ కాళ్ళు చాపుకుని పడుకున్నా ఇంకా జాగా మిగులుతుంది.

"ఇది కారు కాదు, రొట్టెల బండి," అన్నాడు నెవిల్.

"ఒక్క చెయ్యే మారిందండీ," అన్నాడు యార్డువాడు. "ఒక డాక్టరమ్మది. ఇళ్ళకెళ్ళి చూసొచ్చేది. మహా మెల్లగా నడిపేది. అమ్మేసిందెందుకంటే, కాస్త సంతోషంగా కనబడే రంగు బండి కావాలట."

ఆ మాట ఇంకా పూర్తి కాలేదు. రెండేళ్ళుగా మెట్టు కూడా ఎక్కని బిషప్ లేచాడు. ఎవరూ పిలవకుండానే ఆ గడప దాటి లోపలికి వెళ్ళి, అక్కడున్న తెల్ల దుప్పటి మీద ముందుకాళ్ళు చాపి, బుద్ధిగా పడుకున్నాడు. గేనర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక తన పప్పులుడకవని నెవిల్‌కీ అర్థమైంది.

నెటిల్ మాత్రం ఎక్కలేదు. నాలుగు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, లోపల ఎవరో ఉన్నట్టు ఖాళీలోకి చూస్తూ నిలబడింది. ఆకు కదిలినా అరిచే ఆ కుక్క నోరు పెగల్లేదు. చివరికి గేనర్ దాన్ని కోటులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

తాళం తిప్పగానే బండిలో వీణలాంటి సంగీతం మొదలైంది. సన్నగా, మెల్లగా, ఎవరినో జోకొడుతున్నట్టుంది. నెవిల్ ఏ మీట నొక్కినా ఆగలేదు, సీడీ బయటికి రాలేదు.

వాళ్ళు హెబ్బర్‌గిల్‌కి కాపురం వచ్చి రెండేళ్ళే. ఆ ఊళ్ళో నలభై ఇళ్ళు, ముప్ఫై పైగా కుక్కలు. బయటి బండి వస్తే ఊరి మొదట్లో మొదలైన అరుపు చివరిదాకా పాకుతుంది. ఆ మధ్యాహ్నం మాత్రం కుయ్యిమన్న కుక్క లేదు. వీణ మోగుతూనే ఉంది. ఒక్కో గుమ్మంలోంచి ఒక్కో తోక లోపలికి జారిపోయింది. రెండు కిటికీలకి తెరలు పడ్డాయి. ముసలి గొర్రెలకాపరి టాలెంటైర్ రాతిగోడ పక్కన నిలబడి, బండి దాటేదాకా టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. అతని కుక్క పొట్ట నేలకి కరిపించి, కళ్ళు మూసుకుని పడి ఉంది.

"వీళ్ళకేమైంది?" అన్నాడు నెవిల్.

"కొత్త బండి కదా, మర్యాద," అంది గేనర్.

మర్యాద అనుకోవడానికి నెవిల్‌కి మనసొప్పలేదు. పైగా ఇంటికొచ్చాక బిషప్ బండి దిగనన్నాడు. తిండి అందులోనే, నిద్ర అందులోనే. వెనక అద్దంలోంచి ఆ పెద్ద నల్లటి తల వీధిలోకి చూస్తూ ఉండిపోయింది.

శుక్రవారం పొద్దున్నే పక్కింటి మిసెస్ కౌల్తార్డ్ తలుపు తట్టింది. ఎనభై ఏళ్ళ మనిషి. మాంసం కూరి కాల్చిన వేడి వేడి రొట్టె పింగాణీ పళ్ళెంలో తెచ్చి నెవిల్ చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదల్లేదు. రెండేళ్ళలో ఆవిడ అతన్ని ముట్టుకోవడం అదే మొదలు.

"ధైర్యంగా ఉండాలి నాయనా. వయసు మీద పడ్డాక ఎవరికైనా తప్పదు. బాధేం తెలీదు. చిన్న సూది, అంతే. నిద్రపోయినట్టే."

"ఎవరికండీ?" అని అడగడానికి నెవిల్ నోరు తెరిచాడు. కానీ ఆ ఊళ్ళో అలాంటివి పేరుపెట్టి అడగరు, అడిగినా చెప్పరు. ఆవిడ తల వంచుకుని వెళ్ళిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది నెవిల్‌కి, మంగళవారం తను పరీక్షకి రక్తం ఇచ్చొచ్చాడని. ఫలితం ఇంకా రాలేదు.

ఛ, పిచ్చి ఆలోచన అనుకుంటూ మాంసం కొట్టుకి వెళ్ళాడు. కొట్టులో కబుర్లు టక్కున ఆగిపోయాయి. కొట్టతను హెడ్లీ, కోడిగుడ్డు పగిలితే ఊరంతా చాటే మనిషి, గొంతు తగ్గించాడు.

"గేనరమ్మ నిన్న చెప్పింది. శనివారం, మడుగు దగ్గర అని. అది విన్నాక నాకు చెయ్యాడలేదు సార్."

"ఏం చెప్పింది?"

"అబ్బే, మీరేం మాట్లాడకండి. ఇదిగో, కొట్టులో ఇంతకంటే మంచి ముక్క లేదు. డబ్బులొద్దు. ఈ రెండ్రోజులూ ఏది కావాలంటే అది తిననివ్వమని చెప్పండి. ఇన్నాళ్ళూ ఏ లోటూ లేకుండా గడిచింది. అది చాలు." ఏప్రన్ కొసతో కళ్ళు తుడుచుకున్నాడు.

శనివారం. మడుగు దగ్గర. అందరికీ తెలుసు, తనకి తప్ప! డాక్టరు ముందు గేనర్‌కే చెప్పాడన్నమాట. అందుకే ఇంత పెద్ద బండి. చదునైన నేల. ఆ టేపు పట్టుకుని ఆవిడ కొలిచింది కుక్కనీ పడవనీ కాదేమో! భార్యని నిలదీద్దామనుకున్నాడు. ఆవిడ వంటింట్లో పాట పాడుకుంటూ కేకు చేస్తోంది. ముప్ఫయ్యేడేళ్ళ కాపురంలో ఇంత గుండెనిబ్బరం ఆవిడలో ఎప్పుడూ చూడలేదు. ఆ నిబ్బరం చెడగొట్టడం ఇష్టంలేక షెడ్డులోకి వెళ్ళి, మేకుల డబ్బాలన్నిటికీ చీటీలు అంటించాడు. తర్వాత హెడ్లీ ఇచ్చిన మాంసం వేయించుకుని ఒక్కడే కూర్చుని మొత్తం తిన్నాడు. చాలా బాగుంది. అందుకే ఇంకా ఏడుపొచ్చింది.

శనివారం తెల్లవారేసరికి లోయ నిండా పొగమంచు. ఇంటి గేటు కూడా సరిగ్గా కనబడటం లేదు. గేనర్ పడవ ఎక్కించింది, కేకు పెట్టింది, కోటులో చుట్టిన నెటిల్‌ని ఎత్తుకుంది. నెవిల్ తాళం తిప్పాడు. వీణ మొదలైంది.

కొండ దారి ఎక్కుతుంటే వెనక రెండు దీపాలు కనిపించాయి. తర్వాత నాలుగు. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాడు. నెవిల్ మెల్లగా వెళ్తే అవీ మెల్లగా వచ్చాయి. పక్కకి తప్పుకుని దారిచ్చాడు. అన్నీ ఆగాయి. ఒక్కటీ దాటలేదు, ఒక్కటీ హారన్ కొట్టలేదు.

"మన వెనక వస్తున్నారు," అన్నాడు అద్దంలోకి చూస్తూ.

"మంచు కదా. ముందో బండి ఉంటే వాళ్ళకి ధైర్యం," అంది గేనర్, కేకు వాసన చూసుకుంటూ.

మడుగు దగ్గర గాలి లేదు. నీళ్ళెక్కడ ఆగాయో, మంచెక్కడ మొదలైందో తెలియడం లేదు. గేనర్ తలుపు జార్చగానే బిషప్ దిగి, తడబడుతూ వెళ్ళి నీళ్ళలోకి నడిచాడు. మెడదాకా మునిగాక ఆ పాత ఒంటికి ఎక్కడ్నుంచి వచ్చిందో బలం, తిన్నగా ఈదుకుంటూ పోయాడు. "చూడు నెవిల్, చూడు మన వాణ్ణి!" అని గేనర్ చప్పట్లు కొట్టింది. నల్లటి తల చిన్నదై, మంచులోకి వెళ్ళి మాయమైంది.

నెవిల్ వెనక్కి తిరిగాడు. గట్టు మీద వరసగా నల్లకోట్లు. ఇరవై మంది దాకా ఉంటారు. టోపీలు చేతుల్లో ఉన్నాయి. అందరూ అతన్నే చూస్తున్నారు. వరస మొదట్లో మిసెస్ కౌల్తార్డ్ పువ్వులు పట్టుకుని ఉంది.

"బిషప్!" అని పిలిచింది గేనర్. బదులు లేదు. "బిషప్! రారా నాన్నా!" నీళ్ళ చప్పుడు కూడా ఆగిపోయింది. "నేనే చంపుకున్నాను నెవిల్. వాడికి ఓపిక ఎక్కడుందని నీళ్ళలో దించాను?" అంటూ బండివైపు పరుగెత్తింది.

గట్టు మీద హెడ్లీ ఫోను తీశాడు. స్పీకరులో పెట్టడం అతని అలవాటు.

"డాక్టరమ్మా, ఎక్కడున్నారు? మీ పేషెంటు పారిపోయాడు! సూది వేసేలోపే నీళ్ళలో దూకాడు!"

"ఏ పేషెంటు?" అంది అవతలి గొంతు. "నేను ఇంట్లో జామ్ కాస్తున్నాను హెడ్లీ."

"ఇంట్లోనా? మరి ఇక్కడున్న మీ బండిలో ఎవరున్నారు?"

ఇరవై తలలూ మెల్లగా బండివైపు తిరిగాయి. లోపల మనిషి జాడ లేదు. అప్పుడు, ఎవరూ ముట్టుకున్నట్టు కనబడకుండానే, బండి గుర్రుమంది. వీణ మోగడం మొదలైంది. తలుపులన్నీ తెరిచి ఉండటంతో ఆ సన్నటి పాట నీళ్ళ మీదుగా మంచులోకి పాకింది. మిసెస్ కౌల్తార్డ్ పువ్వులు వదిలేసి నెవిల్ మెడ పట్టుకుంది. టాలెంటైర్ టోపీ పెట్టుకుని, మళ్ళీ తీసి, ఏం చెయ్యాలో తోచక నోట్లో కుక్కుకున్నాడు.

మడుగు మధ్యలో మంచు చీలింది. అందులోంచి ఒక నల్లటి తల వచ్చింది. నేరుగా ఆ పాట వైపే వస్తోంది.

డ్రైవరు సీటు మీద బోర్లా పడి, తాళం పట్టుకున్న గేనర్ తల పైకెత్తింది. "నాకు తెలుసు! ఈ పాట వింటే వస్తాడని నాకు తెలుసు!" అని ఏడుస్తూ నవ్వింది. బిషప్ గట్టెక్కి, నల్లకోట్ల వరస ముందు నిలబడి, ఒళ్ళంతా ఒక్కసారి విదిలించాడు. ఎవరూ పొడిగా మిగల్లేదు.

ఫోనులో డాక్టరమ్మ ఇంకా మాట్లాడుతూనే ఉంది. "ఆ బండి నెల కిందటే అమ్మేశాను కదయ్యా! ఈ లోయలో పదేళ్ళు ముసలి కుక్కలకి ఆఖరి సూది వేయడానికి అందులోనే తిరిగాను. ప్రతి కుక్కకీ అది తెలుసు, ఆ పాటా తెలుసు. అందుకే కదూ అమ్మింది!"

"మరి మావాడు దిగనంటాడేం?" అంది గేనర్ ఫోను లాక్కుని.

"సూదికి ముందు అందరికీ ఓ చీజు ముక్క పెట్టేదాన్నమ్మా. ఎంత కడిగినా ఆ వాసన పోదు. వయసులో ఉన్న కుక్కల ముక్కుకి మిగతావన్నీ తెలుస్తాయి. ముసలి ముక్కుకి చీజొక్కటే అందుతుంది."

గేనర్ ఫోనుని చెవికి దగ్గరగా పెట్టుకుంది. తర్వాత, ఏడాదిగా లోపల దాచుకున్నది అడిగేసింది. "వీడికి పద్నాలుగు నిండాయి డాక్టరుగారూ. నేను మిమ్మల్ని పిలవాల్సిన రోజు వచ్చిందంటారా?"

"తింటున్నాడా?"

"తింటున్నాడు."

"ఈదాడా?"

"ఇప్పుడే. అవతలి గట్టుదాకా వెళ్ళొచ్చాడు."

"అయితే నా నంబరు రాసిపెట్టుకుని మరిచిపోండి," అంది డాక్టరమ్మ. గేనర్ తడి బిషప్ మెడ చుట్టూ చేతులు వేసి కూలబడింది. పెద్దాయన టాలెంటైర్ అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

"ఆగండాగండి," అన్నాడు నెవిల్. "అంటే, నేను చచ్చిపోవడం లేదా?"

అందరూ అతన్ని వింతగా చూశారు. "నువ్వా? నిన్నెవరు తలుచుకున్నారు నాయనా?" అంది మిసెస్ కౌల్తార్డ్. "నా పళ్ళెం కడిగి పంపించు."

"మరి నేను బిషప్‌కిచ్చిన మాంసం?" అన్నాడు హెడ్లీ.

నెవిల్ గబగబా కేకు కొయ్యడానికి వెళ్ళాడు. కేకు ఇరవై ముక్కలైంది. పెద్ద ముక్క బిషప్‌కి పడింది. తిని, ఎవరూ ఎత్తకుండానే బండెక్కి దుప్పటి మీద పడుకున్నాడు. తర్వాతి మంగళవారం నెవిల్ రక్తపరీక్ష ఫలితం వచ్చింది. మాంసం తగ్గించమన్నారు, అంతే. బిషప్ ఆ తర్వాత సంవత్సరం కూడా ఈదాడు.

బండి ఇప్పటికీ బాగానే నడుస్తోంది, వెనక సీట్లు మూడూ ఖాళీయే, హోరున వాన కురుస్తున్నప్పుడు నెవిల్ ఆపి తలుపు తీసినా, హెబ్బర్‌గిల్‌లో ఇంతవరకూ ఒక్కరూ ఎక్కలేదు.